ఆదివారం మాత్రలు

నేను పనిచేసే ల్యాబు నారాయణగూడలో, ఒక పాత మేడ రెండో అంతస్తులో ఉంది. ఇల్లు చిక్కడపల్లిలో. ఆటో ఎక్కితే సిగ్నళ్ల దగ్గరే సగం పొద్దు పోతుంది కాబట్టి నడిచే వెళ్తాను. భుజానికి నీలంరంగు సంచీ ఒకటి వేలాడుతూ ఉంటుంది. అది టిఫిన్ సంచీ అనుకుని, మార్కెట్ దగ్గర పూలమ్మే ఆమె రోజూ "ఇయ్యాల ఏం కూర" అని అడిగేది. ఒకరోజు విసుగొచ్చి "కూర గాదు, రక్తం" అన్నాను. ఆమె కంగారుపడలేదు. మూర కొలుస్తూనే "ఎవరిది?" అంది.

ఆ ఏడాది నా సంచీలో ఉండే రక్తమంతా టీబీ వచ్చినవాళ్ల ఇంటిమనుషులది. జబ్బుపడ్డ మనిషిది కాదు. అతని పక్కన పడుకునేవాళ్లది, అదే గదిలో కూర్చుని తినేవాళ్లది. వాళ్లలోకి కూడా ఆ క్రిమి దూరిందా లేదా అని చూడడం మా పని. అలాగని క్రిమిని వెతకం. అది ఒంట్లో ఏ మూలో నక్కి నిద్రపోతుంటుంది, రక్తంలో చేతికి చిక్కదు. కానీ దాన్ని ఎప్పుడో ఒకసారి ఎదుర్కొన్న తెల్లకణాలు రక్తంలో తిరుగుతూ ఉంటాయి. ఆ క్రిమి తాలూకు ముక్కలు కాసిని వాటి ముందు పెడితే, గుర్తుపట్టి ఒక పదార్థాన్ని వదులుతాయి. ఎంత వదిలాయో మేం కొలుస్తాం. గుర్తుపట్టాయంటే క్రిమి ఒకసారి లోపలికి వచ్చిందన్నమాట. జబ్బు ఉందని మాత్రం కాదు.

ఇది మా అత్తమ్మకు చెప్పడానికి నాకు చాలాకాలం పట్టింది. డెబ్బై దాటిన మనిషి, చెవి బాగానే వినిపిస్తుంది గాని తనకు నచ్చినట్టుగా వినిపిస్తుంది. చివరికి ఆమె దాన్ని తనకు వీలైనట్టు సర్దుకుంది. "మా కోడలు రక్తానికి పరీక్ష పెడ్తది. పాసో ఫెయిలో చెప్తది" అని పక్కింటివాళ్లకు చెప్పేది.

అశోక్‌నగర్‌లో ఒక పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్నారు. ఆ వీధి నిండా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్లు టీ కొట్టు ముందు నిలబడి, ఒక చేతిలో గ్లాసు, ఒక చేతిలో పుస్తకం పట్టుకుని చదువుతుంటారు. వాళ్లను తప్పించుకుంటూ ఇసుక కుప్ప దాటి లోపలికి వెళ్తే, వెనకాల రేకుల షెడ్డు. అందులో పాలమూరు వైపు నుంచి వచ్చిన మేస్త్రి, అతని భార్య ఉంటారు. మేస్త్రికి టీబీ అని ఆ మధ్యే తేలింది. మందులు మొదలుపెట్టారు. నేను వెళ్లేసరికి బయట నులకమంచం మీద పడుకుని, పైన సెంట్రింగ్ పనివాళ్లకు కిందనుంచే సలహాలు చెబుతున్నాడు.

భార్య చేతులు కడుక్కుంటూ వచ్చింది. నాకంటే నాలుగేళ్లు పెద్దదై ఉంటుంది.

"దవాఖాననించా?"

"ల్యాబునించి అక్కా. పొద్దుగాల ఫోన్ చేసిన గద."

"ఆయనకు తీసిన్రు గద రక్తం. మళ్ల ఎందుకు?"

"ఆయనది గాదు. నీది కావాలె."

ఆమె నన్ను కిందినుంచి మీదికి చూసింది. "నాకేమైంది? ఉక్కు లెక్క ఉన్న."

మేస్త్రి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, అటు తిరిగి దగ్గి, ఇటు తిరిగి అన్నాడు: "తీస్కోమ్మా. జర ఎక్కువనే తీస్కో. దాని రక్తం తగ్గితే నాకు మంచిగుంటది."

"సూడు, పండుకున్నా గానీ నోరు పండుకోలె" అంటూనే ఆమె పీట మీద కూర్చుని చేయి చాపింది.

నరం కోసం వెతకాల్సిన అవసరమే రాలేదు. ఏళ్లుగా ఇటుకలు, కాంక్రీటు తట్టలు ఎత్తిన చేయి. సూది గుచ్చుతుంటే ఆమె తల తిప్పుకోలేదు, రెప్ప వాల్చలేదు. నాలుగు చిన్న గొట్టాలు, నాలుగు రంగుల మూతలు. ఒక్కోదానిలో పావు చెంచాడు రక్తం పడుతుంది. పట్టిన వెంటనే వాటిని పదిసార్లు గట్టిగా ఊపాలి. గొట్టం లోపలి గోడకు పూసి ఉన్న మందు రక్తంలో కలవాలి. నేను ఊపుతుంటే ఆమె ఆసక్తిగా చూసింది.

"మిల్లర్ల సిమెంటు మాలు కలిపినట్టు కలుపుతున్నవు. నాలుగెందుకు?"

"ఒకదాంట్ల ఏం లేదు అక్కా, ఒట్టిగనే. రెండిట్ల ఆ పురుగు ముక్కలున్నయి. గుర్తుపడ్తయా లేదా అని."

"మరి గిది?" ఊదారంగు మూత చూపించింది.

"దాంట్ల ఏ రక్తానికైనా కోపమొచ్చే మందు ఉంటది. అసలు నీ కణాలు బతికున్నయా లేవా అని సూసెటందుకు."

"కోపానికైతే మందు అక్కర్లే" అన్నాడు మేస్త్రి.

గొట్టాలు సంచీలో నిలువుగా పేర్చుకుని నడిచి వచ్చేశాను. ఆ సాయంత్రం వాటిని ఒంటివేడి ఉండే పెట్టెలో పెడితే, తెల్లవారిన తర్వాత తీస్తాం. గిరగిరా తిప్పితే ఎర్రకణాలు కిందికి దిగి పైన లేత పసుపు నీరు తేలుతుంది. ఆ నీటిని చిన్న చిన్న గుంటలున్న పలక మీద వేసి, వరుసగా మందులు కలుపుకుంటూ పోతే చివరికి రంగు వస్తుంది. గుర్తుపట్టిన రక్తం పసుపుపచ్చగా తేలుతుంది. గుర్తుపట్టనిది నీళ్లలా ఉంటుంది. ఎన్నేళ్లు చేసినా, రంగు తిరిగే ఆ కొద్ది నిమిషాలు నేను కుర్చీలో కూర్చోలేను. వంటింట్లో పాలు పొంగడానికి నిలబడ్డట్టు నిలబడతాను.

అదే వారం ల్యాబుకు కొత్త కిట్ల పెట్టె వచ్చింది. కొత్త పెట్టె వచ్చినప్పుడల్లా అది సరిగా పనిచేస్తుందో లేదో చూడడానికి ఎవరో ఒక ఆరోగ్యవంతుల రక్తం కూడా కలిపి నడుపుతాం. మా ల్యాబు పెద్ద, మేమంతా మేడం అని పిలిచే ఆవిడ, గది గుమ్మంలో నిలబడి "ఈసారి ఎవరిస్తరు?" అంది. మిగతా అందరిదీ ఇంతకుముందే అయింది. నేను కుర్తా చేయి పైకి మడిచి కూర్చున్నాను.

పలక చదివే రోజు మేడం నా పక్కనే ఉంది. అశోక్‌నగర్ అక్క గుంటలు బాగా పచ్చబడ్డాయి. వాటి కింది వరుస కూడా పచ్చబడింది.

"కింది వరుస ఎవరిది?" అంది మేడం.

"నాది."

మేడం పలకను వెలుతురులోకి జరిపి మళ్లీ చూసింది. ఆ తర్వాత మేడం చాలా మామూలుగా, "మళ్ల తీద్దాం. గొట్టాలు అటుఇటు అయినయేమో" అంది. మళ్లీ తీశాం. ఈసారి పాత కిట్టుతో, మేడమే స్వయంగా చేసింది. మళ్లీ పచ్చగానే వచ్చింది.

అన్నేళ్లుగా నేను ఇళ్లలో కూర్చుని చెప్పే మాట ఒకటుంది. ఇది జబ్బు గాదు, మీనించి ఎవ్వరికి అంటదు, లోపల పండుకున్నది, లేవకుండ సూస్కోవాలె అంతే. ఆ మాట వింటూ జనం ఎందుకు నా మొహం వంక అంత అనుమానంగా చూస్తారో నాకు ఆరోజు అర్థమైంది. ఆ మాటనే నాకు నేను చెప్పుకుంటే ఒక్క ముక్క నమ్మబుద్ధి కాలేదు. రెండు రోజులపాటు గొంతు సవరించుకున్నా దగ్గులాగే వినిపించింది. మెట్లెక్కి ఊపిరి లెక్కపెట్టుకున్నాను. అద్దంలో చెంపలు లోపలికి పోయాయేమో చూసుకున్నాను. పోలేదు, పైగా కాస్త ఉబ్బినట్టే ఉన్నాయి.

ఎక్స్‌రే తీయించుకుంటే ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, "ఏం లేదమ్మా. వారానికొకసారి, మూడు నెలలు మాత్రలు వేసుకుంటే లోపలున్నది లేవదు. ఇలాంటి పనిచేసేవాళ్లకు ఇది మామూలే" అన్నాడు. మాత్రలు ఇచ్చాడు. తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాను. అవి అక్కడే ఉండిపోయాయి.

ఇంట్లో చెప్పకుండా ఉండలేకపోయాను. మా ఆయన వెంటనే ఫోన్లో చదవడం మొదలుపెట్టి, నేను లాక్కునేదాకా ఆపలేదు. అత్తమ్మ మాత్రం పూర్తిగా విని, "క్షయనా?" అంది.

"క్షయ గాదు అత్తమ్మా. దాని పురుగు ఎప్పుడో ఒకసారి వచ్చింది. పండుకున్నది."

"మా చిన్నప్పుడు క్షయ అంటే ఆ గల్లీలకెళ్లి నడిచెటోళ్లు గాదు" అని లోపలికి వెళ్లింది.

మర్నాడు పొద్దున నా చాయ్ ఎప్పుడూ వచ్చే కప్పులో రాలేదు. మూలన పడి ఉండే సొట్టగ్లాసులో వచ్చింది. తాగాను. సహనంతో కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక. ఊళ్లో అందరికీ చెప్పే పాఠం మా వంటింటి గుమ్మం దాటి లోపలికి వెళ్లలేదు.

రెండు రోజులకు ఆమే దారి వెతుక్కుంది. "నాకు గూడ సూడు. ఒక్క ఇంట్ల ఉంటున్నం గద" అంటూ చీర కొంగు వెనక్కి తోసి చేయి చాపింది. మేడంకు చెప్పి, తీసి, నడిపించాను. అత్తమ్మ గుంటలు నీళ్లలా తేటగా ఉన్నాయి, కోపమొచ్చే మందు గుంట మాత్రం పచ్చగా తళతళలాడింది. కాయితం తెచ్చి ఇస్తే, ఆమె దాన్ని కళ్లద్దాలు పెట్టుకుని అటుఇటు తిప్పి చూసింది.

"పాసేనా?"

"పాసే."

ఆ సాయంత్రం మార్కెట్లో వంకాయలు ఏరుతూ, కూరగాయలామెకు, ఆ పక్కన నిమ్మకాయలామెకు, ఆగి విన్న వాళ్లందరికీ చెప్పింది: "నా రక్తం ఇంతవరకు దాని మొఖమే సూడలేదంట. మా కోడలికే ఉంది పరిచయం." నేను పక్కనే సంచీ పట్టుకుని నిలబడ్డాను. అంతవరకూ నా జబ్బు గురించి భయపడ్డ మనిషి ఇప్పుడు పోటీలో గెలిచినట్టు నడుస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ తర్వాత రోజు చాయ్ మామూలు కప్పులోనే వచ్చింది.

అశోక్‌నగర్ అక్కకు ఫలితం చెప్పాల్సి ఉంది. ఆమె ఎక్స్‌రే కూడా తేటగానే వచ్చింది. డాక్టరు ఆమెకూ నాకిచ్చిన మాత్రలే రాశాడు. అవి పట్టుకుని వెళ్లాను. ఆమె చాటలో బియ్యం ఏరుతోంది. మొత్తం చెప్పాను. శ్రద్ధగా వింది.

"అంటే రోగం లేదు."

"లేదు."

"లేని రోగానికి మందెందుకు?"

"రేపు రాకుండ అక్కా."

"ఆయన మందులు షురూ చేసినప్పుడు పదిహేను దినాలు కక్కుకున్నడు. ఒకరు పండుకున్నరు. నేను గూడ పండుకుంటే తట్ట ఎవరెత్తుతరు, వంట ఎవరు చేస్తరు? పైనుంచి కంట్రాక్టర్‌కు తెలిస్తే షెడ్డు ఖాళీ చెయ్యమంటడు. ఆయనకు నిమోనియా అని చెప్పినం." ఆమె మళ్లీ బియ్యంలోకి తల వంచింది. "వద్దు చెల్లె. పరేషాన్ చెయ్యకు."

నా దగ్గరున్న మాటలన్నీ ఖర్చుపెట్టాను. ఒకటీ పని చేయలేదు. లేచి వెళ్లిపోవాల్సిందే, కానీ నోటినుంచి అనుకోకుండా వచ్చేసింది.

"నాకు గూడ వచ్చింది అక్కా."

"ఏమొచ్చింది?"

"గిదే. నీకు వచ్చిందే. నా రక్తం గూడ గుర్తుపట్టింది."

ఆమె చాట పక్కన పెట్టింది. "మరి నువ్వు ఏస్కుంటున్నవా మాత్రలు?"

"ఇంకా షురూ చెయ్యలె."

"ఎందుకు?"

నేను చెప్పడానికి ప్రయత్నించాను. పని ఒత్తిడి అన్నాను. ఆదివారాలు కుదరడం లేదన్నాను. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. "ఏమో అక్కా. ఏం రోగం లేదు గద అనిపించింది" అన్నాను.

మంచం మీదినుంచి మేస్త్రి పకపక నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గు తగ్గాక మళ్లీ నవ్వాడు. అక్క నవ్వలేదు.

"ఇగో, ఆయితారం రా. నీవి తీస్కొని రా. ఇద్దరం ఒక్కసారి మింగుదం. ముందు నువ్వు, తర్వాత నేను. నువ్వు రాలేదా, నేను మింగ."

ఆదివారం ఫ్రిజ్ మీది పొట్లం తీసుకుని వెళ్లాను. తిన్న తర్వాత వేసుకోవాలి కాబట్టి ఆమె కోడికూర వండింది. నాలుక మండిపోయే కారం. తిన్నాక చూస్తే నా అరచేతిలో మాత్రలు గుప్పెడు. చిక్కుడు గింజలంత ఉన్నాయి ఒక్కొక్కటి. నేను ఒక్కోటి మింగుతూ, నీళ్లు తాగుతూ, కళ్లు మూసుకుంటూ కానిచ్చాను. ఆమె చివరిదాకా చూసి, నా నోరు ఖాళీ అని నిర్ధారించుకుని, తన మాత్రలన్నీ పుట్నాలు వేసుకున్నట్టు ఒకేసారి నోట్లో పోసుకుని ఒక చెంబు నీళ్లతో మింగేసింది.

"అయిపాయె. దీనికేనా ఇంత లొల్లి చేసినవు?"

ఆరోజు సాయంత్రం నాకు కాస్త కడుపులో తిప్పింది, ఒళ్లు వెచ్చబడింది, పడుకుంటే తగ్గిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆమె ఫోన్.

"చెల్లె, నాకు గట్లొస్తున్నది."

"ఎట్ల?"

గొంతు తగ్గించింది. "ఆరంజి రంగు."

"నిన్న చెప్పిన గద అక్కా, ఆ మందుకు ఒంటేలు గట్లనే వస్తదని."

"చెప్పినవు. గింత రంగని చెప్పలె." వెనకనుంచి మేస్త్రి ఏదో అన్నాడు. "ఆయనకు మొదట గట్లనే వచ్చిందంట. నాకు చెప్పనే లేదు సూడు. ఇన్ని దినాలు దాచిపెట్టిండు" అని ఆమె ఫోన్ పెట్టేసి అతనితో గొడవకు దిగింది.

అలా ఆదివారాలు నడిచాయి. ఒక వారం చేపలు, ఒక వారం పప్పు, ఒక వారం నేను మా వీధి చివర ఇడ్లీలు కట్టించుకెళ్లాను. మాత్రలు మింగడం రెండు నిమిషాల పని, మిగతా మధ్యాహ్నమంతా మాటలు. వాళ్ల కూతురు ఊరి దగ్గర హాస్టల్లో ఉండి చదువుతోంది. లెక్కల్లో మంచి మార్కులొస్తే అది తన పోలిక అని ఇద్దరూ కొట్లాడేవాళ్లు. మేస్త్రి క్రమంగా మంచం మీదినుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి గోడ పని దగ్గరికి వచ్చాడు. దగ్గు తగ్గింది. పైనున్న పనివాళ్లమీద కేకలు పెరిగాయి.

మధ్యలో ఒక సోమవారం అత్తమ్మ సినిమాకు పోదామంది. క్రాస్‌రోడ్స్‌లోని థియేటర్లో ఏదో కుటుంబ కథ ఆడుతోంది. మొదటి సగంలోనే నాకు ఏడుపొచ్చి, తెల్ల దస్తీ తీసి కళ్లు ఒత్తుకున్నాను. విరామంలో లైట్లు వెలిగాక అత్తమ్మ నా చేతిలోని దస్తీ వంక చూసి చేయి పట్టుకుంది.

"ఏందే, రక్తమా?"

దస్తీ మీద లేత నారింజరంగు మరకలు. మందు కన్నీళ్లలోకి కూడా వచ్చేసింది. అదే చెప్పాను. ఆమె మరకను వేలితో తడిమి చూసింది. తర్వాత తన దస్తీ విప్పి పక్కన పెట్టి, "నాకైతే తెల్లగనే వస్తున్నయి" అంది. సమోసా కొనడానికి లేచేముందు మాత్రం నా భుజం మీద చేయి వేసి, కాసేపు తీయలేదు.

సగం మాత్రలు దాటాక ఒక ఆదివారం అశోక్‌నగర్ వెళ్తే షెడ్డుకు తాళం. మంచం లేదు. చెంబులు లేవు. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. ఎదురుగా టీ కొట్టతన్ని అడిగితే, "ఇక్కడ పని ఆపిన్రు మేడం, పర్మిషన్ల లొల్లి ఏదో ఉంది. అందరిని వేరే సైట్‌కు తీస్కపోయిండ్రు. కవాడిగూడ అన్నరు" అన్నాడు. కవాడిగూడలో ఎక్కడ అంటే అతనికి తెలియదు.

ఒక వారం పోయినా పెద్ద ప్రమాదమేమీ లేదని నాకు తెలుసు. రెండు రోజులు ఆలస్యమైనా వేసుకోవచ్చు. నా వరకు ఇంటికెళ్లి వేసుకుంటే సరిపోయేది. కానీ ఆ పొట్లం విప్పబుద్ధి కాలేదు. నువ్వు రాలేదా, నేను మింగ అన్నది కదా. మింగకుండా ఉన్న మనిషి ఒక వారంతో ఆగుతుందా, ఇక మొత్తానికే మానేస్తుందా అని భయం పట్టుకుంది. ఆటో ఎక్కి కవాడిగూడ వెళ్లాను. కట్టడాలు కనిపించిన సందుల్లోకల్లా తిప్పించాను. ఆటో అన్న మొదట విసుక్కున్నాడు, తర్వాత అతనికే పట్టుదల పుట్టి, మిల్లర్ చప్పుడు వినిపించిన వైపల్లా తిప్పడం మొదలుపెట్టాడు.

నాలుగో చోట దొరికారు. స్లాబ్ పోస్తున్నారు. మిల్లర్ గిరగిర తిరుగుతోంది, మనుషులు వరుసగా మెట్లమీద నిలబడి తట్టలు చేతులు మార్చుకుంటున్నారు. ఆ వరుసలో పైనుంచి రెండో మనిషి అక్క. స్లాబ్ మొదలయ్యాక ఆపరు, మధ్యలో ఎవరూ కిందికి దిగరు. ఇసుక కుప్ప పక్కన నిలబడ్డాను. ఆమె నన్ను చూసింది. తట్ట అందుకుంటూనే తల ఊపింది.

కంట్రాక్టర్ నా దగ్గరికి వచ్చాడు. "ఎవరు కావాలె మేడం?"

నేను నోరు తెరిచేలోపే పైనుంచి అరుపు. "మా చెల్లె సారూ. జర కుర్చీ ఎయ్యిండ్రి."

అతను నా సల్వార్‌ను, చెప్పులను, కళ్లద్దాలను చూశాడు. ఆమె వైపు చూశాడు. ఏమనుకున్నాడో గాని కుర్చీ వేయించాడు, తలకు పెట్టుకొమ్మని పసుపురంగు టోపీ కూడా ఇచ్చాడు. ఆ టోపీ పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. మేస్త్రి స్లాబ్ మీద చెక్క పట్టుకుని చదును చేయిస్తూ కనిపించాడు. తను తట్ట ఎత్తడం లేదు గాని గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తోంది.

స్లాబ్ పడిన రోజు పనివాళ్లకు దావత్ ఉంటుంది. చేతులు కడుక్కుని అందరూ నీడలో వరుసగా కూర్చున్నారు. నాకూ ఆకు వేశారు. అక్క నా పక్కన కూలబడింది, జుట్టంతా సిమెంటు.

"ఫోన్ నీళ్ల డ్రమ్ముల పడ్డది" అంది. "నీ నంబరు అండ్లనే ఉండె. నువ్వు మింగినవా?"

"లేదు. నువ్వు?"

కొంగు ముడి విప్పింది. నలిగిన పట్టీలో మాత్రలన్నీ ఉన్నాయి. "పొద్దుగాల్నుంచి ముడేస్కొనే తిరుగుతున్న. నువ్వు రాకుంటే ఏం జెయ్యాల్నో తెల్వలె."

మాంసం, అన్నం తిన్నాం. ముందు నేను, తర్వాత ఆమె. మాత్రల గుప్పెడు చూసి కంట్రాక్టర్ దగ్గరికి వచ్చాడు.

"ఏం గోలీలవి?"

"బలం గోలీలు సారూ" అంది అక్క.

"జర నాకు గూడ రెండియ్యి."

"నీకు బలం ఎక్కువైతే మేము బతకం" అంది ఆమె. వరుస వరుసంతా నవ్వింది. కంట్రాక్టర్ కూడా నవ్వి, నాకు ఇంకో గంటెడు మాంసం వేయించి వెళ్లిపోయాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నాకు ఊరికే కళ్లు నిండాయి. దస్తీ తీయలేదు, మళ్లీ రంగు అవుతుందని.

ఆఖరి వారం మాత్రలు మా ఇంట్లో వేసుకుందామని పిలిచాను. అత్తమ్మకు ముందే చెప్పాను. పొద్దున్నుంచి ఆమె వంటింట్లో నన్ను అడుగుపెట్టనివ్వలేదు. పచ్చిపులుసు, పప్పు, బెండకాయ వేపుడు, పాయసం. అక్క కొత్త చీర కట్టుకుని, మేస్త్రితో కలిసి వచ్చింది. గుమ్మంలో కాస్త తటపటాయించింది.

"రా బిడ్డా. నువ్వేనా ఆరంజి జోడీవి" అంది అత్తమ్మ.

తిని, మాత్రలు మింగేశాక అక్క అడిగింది. "ఇగ మళ్ల రక్తం తీస్తవా? ఈసారి పాస్ అయితం గద."

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. "మళ్ల తీసినా పచ్చగనే వస్తది అక్కా. కణాలు ఒకసారి గుర్తుపట్టినయంటే మరిచిపోవు. అందుకే మళ్ల తియ్యం. లోపల పండుకున్నది లేవకుండ చేసినం, గంతే."

ఆమె మొహం చిన్నబోయింది. "ఇన్ని ఆయితారాలు మింగితే పాస్ గాదా?"

"గాదు."

"మరి గా అమ్మమ్మ ఒక్క మాత్ర మింగకుండ పాస్ అయింది."

అత్తమ్మ పాయసం గరిటె పట్టుకుని చిరునవ్వుతో నిలబడింది. ఆమె ఆ విషయం ఎత్తకుండా ఉండడానికి ఎంత కష్టపడుతోందో నాకు తెలుసు. చివరికి ఉండలేక, "నాది చిన్నప్పట్నించి మంచి రక్తం బిడ్డా" అంది.

తర్వాత వాళ్లిద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి, ఏ నూనె మంచిదనే దాని గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నన్ను ఎవరూ పట్టించుకోలేదు. మేస్త్రి ఇల్లంతా తిరిగి గోడలు తట్టి చూస్తున్నాడు. స్నానాలగది దగ్గర ఆగిపోయి, చెమ్మ పట్టి ఉబ్బిన గోడను గోటితో గీకాడు.

"ఎవరు చేసిండ్రు గిది?"

"చాన పాతది" అన్నాను.

"పాతదైతే మాత్రం? వాటం లేదు దీనికి. నీళ్లన్ని గోడలకే పోతున్నయి. నా మందులు అయిపోయినంక వస్త, చేసిస్త."

అతని మందుల కోర్సు ముగిసి, పరీక్షలో క్రిమి కనిపించలేదని డాక్టరు చెప్పిన తర్వాతి వారం నిజంగానే వచ్చాడు. సిమెంటు సంచీని తనే భుజం మీద పెట్టుకుని మెట్లెక్కాడు. పైకి వచ్చాక ఆయాసపడలేదు. నేను గమనిస్తున్నానని చూసి, "ఏంది, ఊపిరి లెక్కబెడుతున్నవా" అన్నాడు. రెండు రోజులు గోడ చెక్కి, గచ్చుకు వాటం పెట్టి, మళ్లీ ప్లాస్టరింగ్ చేశాడు. అత్తమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని వాటం ఇటు కాదు అటు అంటూ ప్రతి తాపీదెబ్బకూ అడ్డం తగిలింది.

"అమ్మమ్మా, జర నన్ను చెయ్యనియ్యి."

"మా ఇంటి నీళ్లు ఎటు పోతయో నాకు తెల్వదా?"

అతను లేచి, చెంబెడు నీళ్లు గచ్చు మీద పోశాడు. నీళ్లు నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా మూలనున్న తూము జాలీ వైపు జారిపోయాయి. అత్తమ్మ వంగి చూసింది. ఇంకో చెంబు పోయమంది. అది కూడా అటే పోయింది.

"చాయ్ పెట్టవే" అంది నాతో. "చక్కెర ఎక్కువ ఎయ్యి. కష్టం చేసిండు."